సంతకం పెట్టని వెంకటదుర్గ

మా కింద వాటాలో ఉంటున్న వెంకటదుర్గ పొయ్యి వెలిగిస్తే ఆ వాసన ముందు మా మేడ మీదికి వస్తుంది, తరువాతే వీధిలోకి వెళుతుంది. కాబట్టి ఆమె సంగతి రాసే హక్కు ఈ వీధిలో అందరికంటే నాకే ఎక్కువని నా అభిప్రాయం. మాది కొవ్వూరు. గోదావరి గట్టుకి దగ్గరే ఇల్లు. వంతెన మీద రైలు వెళితే మా వంటింట్లో గిన్నెలు సన్నగా మోగుతాయి.

పెళ్ళయిన కొత్తలో ఆమె, భర్త గణేష్‌బాబు మా ఇంట్లో అద్దెకు దిగారు. అతను రొయ్యల మేత అమ్మేవాడు. మోటారుసైకిలు మీద భీమవరం చుట్టుపక్కల చెరువులన్నీ తిరిగేవాడు. తాగుడు లేదు, పేకాట లేదు. స్నేహితులు యానాం వెళదాం రమ్మంటే, పొద్దున్నే పని ఉందని తప్పించుకునే మనిషి. అతనికున్న ఒకే ఒక్క రోగం ఆశ. రోజూ చెరువుల గట్ల మీద తిరిగీ తిరిగీ, మేత అమ్మేవాడికంటే చెరువు వేసేవాడే బాగుపడుతున్నాడని తేల్చుకున్నాడు.

చెరువు కౌలుకి డబ్బు కావాలి. మా వీధి ఆడవాళ్ళం పది మందిమి కలిసి డ్వాక్రా సంఘం పెట్టుకున్నాం, దానికి లీడర్ని నేను. బ్యాంకు మా పది మందికీ కలిపి అప్పు ఇస్తుంది. ఒకళ్ళు కట్టకపోతే మిగతా తొమ్మిది మందీ ఆగిపోతారు. వెంకటదుర్గ తన వాటాతో పాటు, అప్పుడు అవసరం లేదన్న ఇద్దరి వాటాలు కూడా తన బాధ్యత మీద తీసుకుని భర్త చేతిలో పెట్టింది. ఆ చెరువుకి తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్యలన్నీ తేలిపోయాయి. ఇంకో చెరువు వేస్తే పోయింది వచ్చేస్తుందని అతను అన్నాడు. ఆమె పేరనే ఇంకో అప్పు తెచ్చాడు, ఆమె మళ్ళీ సంతకం పెట్టింది. ఆ రొయ్యలు బాగానే పెరిగాయి, ధర పడిపోయింది.

మూడోసారి కాగితాలు తెచ్చిన రోజు నేను కరివేపాకు కోసం కిందికి దిగాను. కరివేపాకు మా ఇంట్లోనూ ఉంది. కాని వాళ్ళ మాటలు మా ఇంట్లోకి సరిగా వినబడటం లేదు.

"అక్కడ పెట్టండి, చదివి పెడతాను," అంటోంది వెంకటదుర్గ.

"నువ్వు చదివి చేసేదేముంది? పెట్టవే, అవతల మనిషి కూర్చున్నాడు."

"కూర్చోనివ్వండి, కాఫీ ఇస్తాను. నేను చదవాలి."

"పెళ్ళానివై ఉండి సంతకం పెట్టకపోతే నువ్వు పెళ్ళానివి ఎందుకు?"

ఆమె కాగితాలు మడిచి అతని జేబులో పెట్టింది. "అయితే ఈ ఉద్యోగానికి వేరే మనిషిని చూసుకోండి," అంది.

గొడవలూ కేకలూ ఏమీ లేవు. పిల్లలు లేరు కనుక వాటాల పేచీ కూడా లేదు. ఇద్దరూ ఇష్టపడే విడిపోతున్నామని కోర్టులో చెప్పారు. గణేష్‌బాబు తన ఊరికి, తల్లి చిట్టెమ్మగారి దగ్గరికి వెళ్ళిపోయాడు. అప్పులు మాత్రం ఎవరి పేరు మీద ఉన్నాయో వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి.

వెంకటదుర్గ సారె వంటలు మొదలుపెట్టింది. పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళేటప్పుడు పుట్టింటివాళ్ళు పిండివంటలు పంపిస్తారు కదా. మా వైపు సారె అంటే పళ్ళెంలో నాలుగు లడ్డూలు కాదు. కాజాలు, సున్నుండలు, జంతికలు, గోరుమిటీలు బిందెలకి బిందెలు వెళ్ళాలి, అత్తగారు వాటిని వీధి మొత్తానికి పంచాలి. ఎవరింటి సారె ఎలా ఉందో ఊళ్ళో ఏడాది పాటు చెప్పుకుంటారు. వెంకటదుర్గ గోరుమిటీలకి పేరు వచ్చింది. పిండిని వేలెడు ముక్కలు చేసి బొటనవేలి గోటితో మీటితే గవ్వలా చుట్టుకుంటుంది. దాన్ని వేయించి బెల్లం పాకంలో వేస్తారు. ఆమె పాకంలో శొంఠి, మిరియం వేస్తుంది. ఆ కిటుకు నేర్పింది చిట్టెమ్మగారే. మా ఇంటికి వచ్చినప్పుడల్లా కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, తిడుతూ నేర్పేది.

వచ్చిన డబ్బు వచ్చినట్టు బ్యాంకుకి వెళ్ళేది. కొత్త చీర కట్టుకోగా నేను చూడలేదు. ఒకసారి అడిగాను, ఇంత పంతం ఎందుకని.

"కోర్టు కాగితం ఇచ్చింది కాని పిన్నిగారూ, ఇంకా నెల నెలా ఆయన రొయ్యలకి నేను మేత వేస్తున్నట్టే ఉంది. ఈ అప్పు తీరిన రోజే నాకు విడాకులు వచ్చినట్టు," అంది.

మొన్నటి మాఘమాసానికి రెండో అప్పు తీరిపోయి, సంఘం అప్పులో కొంచెం మిగిలింది. నెలాఖరులోగా పాత అప్పు మూసేస్తే మా సంఘానికి కొత్త అప్పు ఇస్తామని బ్యాంకువాళ్ళు చెప్పారు. మా సంఘంలోనే ఉన్న దుర్గాశ్రీ చీరల కొట్టు పెట్టడానికి దాని మీదే కళ్ళు పెట్టుకుని ఉంది. సంఘం మీటింగులో అందరి ముందూ మొదలుపెట్టింది.

"ఒక్కళ్ళ వల్ల తొమ్మిది మందిమి ఆగిపోయాం. కాపురం చేసుకుంటూ ఉంటే అప్పు ఆయనే చూసుకునేవాడు కదా. కోరి తెచ్చుకున్న కష్టమే ఇది."

"ఆయన చూసుకుంటే ఇప్పటికి మూడో చెరువు కూడా ఎండిపోయి ఉండేది, దుర్గాశ్రీ. అప్పుడు నీ చీరల కొట్టు మీ మనవరాలు పెట్టుకోవాల్సి వచ్చేది," అంది వెంకటదుర్గ. అందరూ నవ్వారు. దుర్గాశ్రీకి కూడా నవ్వు వచ్చింది కాని, కనబడనివ్వలేదు.

నవ్వితే బాకీ తీరదు. ఒక పెద్ద సారె తగిలితే తీరుతుంది. మాఘమాసం ముహూర్తాలు అయిపోవస్తున్నాయి, ఆర్డరు లేదు. సరిగ్గా అప్పుడు రాజమండ్రి నుంచి జగన్నాథరావుగారని ఒక పెద్దమనిషి వచ్చారు. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. ఎవరి సారెలోనో ఈ గోరుమిటీలు తిని, చిరునామా కనుక్కుని వంతెన దాటి వచ్చారు. కూతురు లావణ్య పెళ్ళి, భారీ సారె. వెంకటదుర్గ కాజాలు వేయిస్తూ అన్నీ మాట్లాడుకుంది. ధర కుదిరింది. ఆయన అడ్వాన్సు ఇవ్వడానికి సంచీలో చెయ్యి పెట్టారు.

అంతవరకు నేను బుద్ధిగానే కూర్చున్నాను. కాని పెళ్ళికొడుకు సంగతి అడగకుండా ఒక పెళ్ళి సారె నా కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోతే నాకు అన్నం సయించదు.

"అబ్బాయి ఏం చేస్తాడండీ?"

"రొయ్యల మేత డీలరండి. భీమవరం పక్కన."

"భీమవరం పక్కన ఏ ఊరు? తల్లిదండ్రులు ఉన్నారా? ఎంతమంది అన్నదమ్ములు?"

ఆయన ఊరి పేరు చెప్పారు. "ఒక్కడే కొడుకండి. తండ్రి లేరు. తల్లి చిట్టెమ్మగారని చాలా మంచావిడ."

నా చేతిలో కాజా చేతిలోనే ఉండిపోయింది. వెంకటదుర్గ మూకుడు మీద నుంచి తల ఎత్తలేదు.

"దాచడమెందుకండి, అబ్బాయికిది రెండో పెళ్ళి," అన్నారాయన, పెద్దదాన్ని కదా అని నాకు దగ్గరగా జరిగి. "మొదటావిడ బొత్తిగా దూబరా మనిషట. చీరలనీ నగలనీ సంఘాల్లో అప్పులు చేసి, భర్త నెత్తిన రుద్ది వెళ్ళిపోయిందట. పాపం, అబ్బాయి ఇప్పటికీ కట్టుకుంటున్నాడట. కొవ్వూరులోనే ఉండేవారట కొన్నాళ్ళు. మీరేమైనా ఎరుగుదురా?"

"బాగా ఎరుగుదునండి," అంది వెంకటదుర్గ, కాజాలు పాకంలో వేస్తూ. "ఆ దూబరా మనిషిని నేనే. ఇంకో కాజా తీసుకోండి, వేడిగా ఉన్నాయి."

ఆయన కాజా తీసుకున్నారు పాపం, ఏం చెయ్యాలో తోచక. నోట్లో పెట్టుకున్నాక మాట్లాడటానికి వీలు లేకుండా పోయింది. చివరికి, "సారెలో చలిమిడి కూడా ఉంటుంది కదమ్మా, అది శుభప్రదంగా... ఇంట్లో ఆడవాళ్ళని ఒక మాట అడిగి చెబుతాను," అని లేచారు. చలిమిడి పిల్ల కాపురం చల్లగా ఉండాలని పెట్టేది. విడాకుల మనిషి చేతి చలిమిడి వద్దని ఆయన అనలేదు. అన్నట్టే అయింది. సంచీలో పెట్టిన చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి నేను అందుకున్నాను. "నోరు మూసుకుంటే ఏం పోయేదే? పనిచేసుకుని డబ్బు తీసుకునేదానివి కదా!"

"తీసుకునేదాన్నే. రేపు ఆ పిల్ల అక్కడికి వెళ్ళాక, ఆ వీధిలో ఎవరో ఒకరు చెబుతారు, నీ సారె చేసింది మొదటి పెళ్ళామని. ఆ పిల్ల మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"అప్పు కట్టే ఆఖరి అవకాశం పోగొట్టుకున్నావు. దుర్గాశ్రీ అన్నట్టు ఇది కోరి తెచ్చుకున్న కష్టమే."

"ఇది మాత్రం కోరి తెచ్చుకున్నదే పిన్నిగారూ," అంది నవ్వుతూ. కాని ఆ పూట కాజాల్లో సగం మాడిపోయాయి. ఆమె చేతిలో కాజా మాడటం నేను అప్పుడే చూశాను.

మర్నాడు ఒకమ్మాయి స్కూటీ మీద వచ్చి మా గేటు ముందు ఆగింది. హెల్మెట్ తీసి, "వెంకటదుర్గగారిల్లు ఇదేనా అండి? నా పేరు లావణ్య," అంది. నేను కరివేపాకు వంక కూడా పెట్టుకోకుండా నేరుగా కిందికి దిగిపోయాను.

లావణ్యకి ముప్ఫై దాటాయి. చెల్లెలి చదువూ పెళ్ళీ అయ్యేదాకా తన పెళ్ళి పక్కన పెట్టుకున్న పిల్ల. అప్పులిచ్చే ఒక ప్రైవేటు కంపెనీలో, వాయిదాలు కట్టనివాళ్ళకి ఫోన్లు చేసే ఉద్యోగం. పీట మీద కూర్చుని సూటిగా అడిగింది.

"అక్కా, చీరలు కొన్నారా?"

వెంకటదుర్గ లేచి బీరువా తలుపు తెరిచింది. "చూసుకో అమ్మా. పైన ఉన్నవి నావి, కింద ఉన్నవి పిన్నిగారు ఇచ్చినవి."

లావణ్య చూసింది. కింద ఉన్నవే ఎక్కువ.

"మా మేనేజరు రోజూ చెబుతాడక్కా, కట్టలేకపోవడమనేది ఉండదు, కష్టం కూడా వాళ్ళు ఎంచుకున్నదే, గట్టిగా అడగమని. నేను ఫోను చేస్తే ఒకళ్ళు ఆసుపత్రి అంటారు, ఒకళ్ళు ఏడుస్తారు. నాకు ఎవరిని నమ్మాలో తెలియదు. మీరు చెప్పండి. మీరు ఎంచుకున్నారా?"

వెంకటదుర్గ పిండిలో నీళ్ళు పోసి కలపడం మొదలుపెట్టింది. "చెరువు నేను ఎంచుకోలేదు. సంతకం నేనే పెట్టాను, చదవకుండా. రొయ్యలకి రోగం నేను తేలేదు. విడిపోవడం నేనే ఎంచుకున్నాను. ఏది ఎంత పాలో చెప్పమంటే చెప్పలేనమ్మా, పిండిలో నీళ్ళు కలిపేశాక విడదీయలేం. కాని మీ మేనేజరుని ఒకటి అడుగు. కట్టలేకపోవడం ఎంచుకున్నవాళ్ళు, ఫోను ఎత్తి నీకు అంతసేపు జవాబెందుకు చెబుతారు?"

లావణ్య నవ్వలేదు. "మనిషి ఎలాంటివాడు?" అంది.

"మంచివాడే. కొట్టడు, తిట్టడు. కూర బాగుంటే బాగుందంటాడు. కాగితం తెస్తే మాత్రం చదవకుండా సంతకం పెట్టకు."

లావణ్య ఫోను తీసి, స్పీకర్ పెట్టి, గణేష్‌బాబుకి కలిపింది. ఒక్కసారిగా గొంతు మారిపోయింది. ఆఫీసు గొంతు కాబోలు, నేనే ఏదో బాకీ ఉన్నానేమో అనిపించింది.

"నమస్కారం అండి. గణేష్‌బాబుగారేనా? మీ పేరు మీద ఉన్న ఒక బాకీ విషయమై ఫోన్ చేస్తున్నాను."

"ఏ కంపెనీ అండి? పోయిన నెలే కట్టేశానే!"

"కంపెనీ కాదండి, లావణ్యని. కొవ్వూరులో వెంకటదుర్గగారి వంటింట్లో ఉన్నాను. ఫోను స్పీకర్లో ఉంది. పిన్నిగారు కూడా ఉన్నారు."

"ఏ... ఏ పిన్నిగారు?"

"మేడ మీద పిన్నినే, బాబూ. బాగున్నావా?" అన్నాను. అవతల ఏదో కింద పడిన చప్పుడైంది.

"చీరల అప్పు అని మా నాన్నగారికి చెప్పారట. ఎన్ని చీరలండీ?"

"అది... ఆయన అప్పు ఎందుకైందని అడిగితే, మా అమ్మ ముందు ఎలా చెప్పాలో తెలియక..."

"రొయ్యలు ఎవరివండీ?"

"నావే."

"సంతకం ఎవరిది?"

"తనది."

"కడుతున్నది ఎవరు?"

ఈసారి జవాబు వచ్చేలోగా వంతెన మీద రైలు ఒకటి వచ్చి వెళ్ళిపోయింది. మా గిన్నెలు మోగడం అతనికీ వినబడే ఉంటుంది. "తనే," అన్నాడు.

"ఈ మూడు ముక్కలూ సాయంత్రంలోగా వచ్చి మా నాన్నగారికి చెప్పండి. పెళ్ళి సంగతి తరువాత మాట్లాడుకుందాం. మీ సహకారానికి ధన్యవాదాలు," అని పెట్టేసింది. అలవాటు కొద్దీ ఆఖరి మాట కూడా వచ్చేసినట్టుంది. అప్పుడు ముగ్గురం నవ్వాం. పిండి చేతులతో కళ్ళు తుడుచుకుని వెంకటదుర్గ మొహమంతా తెల్లగా చేసుకుంది.

అతను ఆ సాయంత్రమే రాజమండ్రి వెళ్ళాడు. జగన్నాథరావుగారి ముందు నిలబడి మూడు ముక్కలూ చెప్పాడట. నాలుగోది కూడా చెప్పాడట, మిగిలిన బాకీ తను కట్టేస్తానని. లావణ్య ఆ మాట ఫోనులో చెబితే వెంకటదుర్గ ససేమిరా అంది.

"వద్దమ్మా! ఇన్నేళ్ళు కట్టింది నేను. ఆఖరి వాయిదా తను కట్టేసి, అప్పు తీర్చినవాడని ఊళ్ళో పేరు కొట్టేస్తాడా? నా సారె డబ్బులు నాకు ఇవ్వండి, చాలు."

"సారె మీరే చెయ్యాలక్కా. నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టనని ఆయనకి ముందే చెప్పేశాను. ఒప్పుకున్నాడు కాబట్టే పెళ్ళి. చలిమిడి కూడా మీ చేతిదే కావాలి. మీరు నాకు చెప్పిన మంచి మాట ఇంకెవరూ చెప్పలేదు."

వెంకటదుర్గ ఫోను పెట్టేసి, చలిమిడికి బియ్యం నానబోయడానికి వెళ్ళిపోయింది.

వ్యవధి తక్కువ, వంట ఎక్కువ. సంఘం ఆడవాళ్ళందరం మా పెరట్లో చేరాం. దుర్గాశ్రీ గోళ్ళ రంగు చెరుపుకుని మరీ వచ్చి గోరుమిటీలకి కూర్చుంది.

"మాజీ మొగుడి పెళ్ళికి సారె వండే మనిషిని నా జన్మలో చూడలేదమ్మా," అంది.

"చూశావు కదా, ఇంక చెయ్యి ఆడించు. అవి గోరుమిటీల్లా లేవు, నత్తగుల్లల్లా ఉన్నాయి," అంది వెంకటదుర్గ.

"ధర తగ్గించావా, పాత చుట్టరికం అని?"

"పాత చుట్టరికం కనుకే తగ్గించలేదు."

చలిమిడి మాత్రం తలస్నానం చేసి, ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకుండా ఒక్కతే చేసింది. జగన్నాథరావుగారు బండి తీసుకొచ్చి బిందెలూ డబ్బాలూ ఎక్కించుకున్నారు. మిగతా డబ్బు చేతికిచ్చి, "అమ్మా, ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టారు.

"ఏ మాటండీ? కాజా బాగుందన్నారు, అదే కదా," అంది. ఆయన అనలేదు. అప్పుడు అన్నారు, బాగుందని.

పెళ్ళయింది. సారె అత్తారింటికి చేరింది. నాలుగైదు రోజులకి ఖాళీ బిందెలు తిరిగొచ్చాయి. మాలో సారె బిందె ఉత్తిగా తిరిగి పంపరు. ఒక బిందెలో పసుపు, కుంకుమ, అరటిపళ్ళు, రవికల గుడ్డ ఉన్నాయి, ఆడపడుచుకి పెట్టినట్టు. పెట్టింది చిట్టెమ్మగారు. గోరుమిటీ ఒకటి నోట్లో వేసుకుని, శొంఠి తగలగానే ఎవరి చెయ్యో పోల్చుకుందట. వీధికంతా పంచి, ఒక డబ్బా మాత్రం ఎవరికీ పెట్టకుండా తన గదిలో దాచుకుందని లావణ్య చెప్పింది. బండివాడి చేత చిట్టెమ్మగారు ఒక మాట కూడా పంపింది. "పాకం ఒక్క ఉడుకు ముదిరిందని చెప్పు."

"ముదరలేదు, ఆవిడ పళ్ళు వదులయ్యాయని చెప్పు," అంది వెంకటదుర్గ. బండివాడు వెళ్ళాక ఆ రవికల గుడ్డ తీసి చాలాసేపు మడతలు పెట్టింది. ఉన్న మడతల్నే.

నెలాఖరు ముందు రోజు సంఘం మొత్తం బ్యాంకుకి వెళ్ళాం. వెంకటదుర్గ డబ్బు కట్టేసింది. బాకీ తీరినట్టు కాగితం ఒకటి ఇచ్చి, అక్కడి అమ్మాయి, "ఇక్కడొక సంతకం పెట్టండి," అంది. వెంకటదుర్గ కుర్చీ లాక్కుని, కొంగుతో మొహం తుడుచుకుని, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది.

"ఏముందే అందులో? తీరిందని ఉంటుంది. పెట్టెయ్యి, భోజనాల వేళ అవుతోంది," అంది దుర్గాశ్రీ.

"తీరిందని ఎక్కడుందో చూడనీ."

మేము తొమ్మిది మందిమీ ఆమె వెనక నిలబడ్డాం. నేను ఆమె భుజం మీదుగా తొంగి చూశాను కాని అక్షరాలు మరీ చిన్నవి. ఆమె వేలు ఒక్కొక్క వరసా దిగుతూ వచ్చి, ఒకచోట ఆగింది. ఆ వరస పైకి చదివింది. ఎందుకో మళ్ళీ ఒకసారి చదివింది. ఆ తరువాత ఇంటిపేరు పుట్టింటిది వేసి, పూర్తిగా, తీరుబడిగా సంతకం పెట్టింది.

"అయిందా?" అంది దుర్గాశ్రీ.

"నాకయింది," అని వెంకటదుర్గ లేచి ఆ కుర్చీ దుర్గాశ్రీ వైపు తిప్పింది. "ఇక నువ్వు కూర్చో. నీ కొత్త అప్పు కాగితం ఇంతకంటే పెద్దది. చదువు, మేం ఆగుతాం."